లేజర్ షాక్ పీనింగ్: మొదటి కూపన్ కొట్టే ముందు

లోహంలో పగుళ్లు తేలిగ్గా రాకుండా దాని పైపొరను లేజర్ దెబ్బలతో నొక్కిపెట్టే పనే లేజర్ షాక్ పీనింగ్. దాని మీద ప్రాజెక్టు కోసం మా ల్యాబ్‌కు వచ్చే ఎం.టెక్ పిల్లలు ముందుగా అడిగేది లేజర్ పవర్ ఎంత అనే. సగటు పవర్ చెబితే మొహాలు చిన్నబోతాయి. పల్సుకు 3 జౌళ్లు, సెకనుకు పది పల్సులు, మొత్తం 30 వాట్లు. పాతకాలపు ట్యూబులైటు కూడా అంతకంటే ఎక్కువే లాగుతుంది. 2025 ఏప్రిల్‌లో కర్నూలు దగ్గర డీఆర్‌డీఓ పరీక్షించి చూపించిన లేజర్ ఆయుధం 30 కిలోవాట్లది, అంటే మాదానికి వెయ్యి రెట్లు. కాకపోతే అది ఆగకుండా వెలుగుతూ వేడితో కాల్చేది. మాది ఆ 3 జౌళ్లను 10 నానోసెకన్లలో వదిలేస్తుంది. ఆ పది నానోసెకన్ల పాటు దాని పవర్ 300 మెగావాట్లు. అంత తక్కువ సేపట్లో వేడి లోపలికి పాకలేదు. లోహానికి తగిలేది దెబ్బ మాత్రమే.

ఆ దెబ్బ కూడా నేరుగా లేజర్ కొట్టేది కాదు. కూపన్ (పరీక్ష కోసం కోసిన లోహపు ముక్క) మీద నల్ల టేపు అంటిస్తాం, దాని మీద పలచటి నీటి పొర పారిస్తాం. కాంతి నీళ్లలోంచి వెళ్లి టేపును తాకగానే టేపు పైపొర ఆవిరై ప్లాస్మా (విద్యుదావేశం ఉన్న వేడి వాయువు) అవుతుంది. ఆ ప్లాస్మా ఒక్కసారిగా ఉబ్బాలని చూస్తుంది, పైన నీళ్లు అడ్డం. దీపావళి నాడు లక్ష్మీబాంబు మీద డబ్బా బోర్లించి ముట్టించిన వాళ్లకు ఇంతకంటే వివరం అక్కర్లేదు. నీళ్లు లేకుండా కొట్టిన దానితో పోలిస్తే ఒత్తిడి నాలుగైదు రెట్ల నుంచి పది రెట్ల దాకా పెరుగుతుంది, పైగా రెండు మూడు రెట్లు ఎక్కువసేపు నిలుస్తుంది. ఆ ఒత్తిడే షాక్ తరంగమై లోహంలోకి దూరుతుంది. దారిలో ఉన్న లోహం పక్కలకు సాగి శాశ్వతంగా రూపం మార్చుకుంటుంది. చుట్టూ ఉన్న మారని లోహం దాన్ని వెనక్కి నొక్కుతుంది. అలా నొక్కిపట్టిన పొరలో పగులు తెరుచుకోవడం కష్టం. చిన్న ఉక్కు గుండ్లతో కొట్టే మామూలు షాట్ పీనింగ్‌లో ఈ నొక్కుడు పొర లోతు 0.2 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. లేజర్‌తో ఒక మి.మీ., కొన్నిసార్లు ఇంకా లోతు వస్తుంది. ఇన్ని లక్షల రూపాయల యంత్రం పెట్టేది ఆ తేడా కోసమే.

ఈ పని 1960ల చివర్లో, 70లలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కొలంబస్ నగరంలో బాటెల్ సంస్థ ల్యాబుల్లో రూపుదిద్దుకుంది. చాలాకాలం అది ల్యాబు దాటలేదు, ఎందుకంటే అప్పటి పెద్ద గాజు లేజర్లు ఒక షాట్ కొట్టి, చల్లారి, మళ్లీ సిద్ధం కావడానికి నిమిషాలు తీసుకునేవి. బయటికి లాగింది బీ-1బీ బాంబర్ విమానం. దాని ఎఫ్101 ఇంజన్‌లో ముందుండే టైటానియం ఫ్యాన్ బ్లేడ్లకు రన్‌వే మీది రాయో మేకో తగిలితే అంచున చిన్న గాటు పడేది, ఆ గాటు నుంచి బ్లేడు విరిగేది. గాటు ఉందేమో చూడటానికి మెకానిక్కులు ప్రతి బ్లేడు అంచునూ దూది, నూలు గ్లవుజులు, చివరికి పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారంతో కూడా తడిమేవారు. దారం పట్టుకుందంటే గాటు ఉన్నట్టే. 1997 నుంచి ఆ బ్లేడ్ల అంచులకు లేజర్ పీనింగ్ మొదలైంది. మన దగ్గర ఇండోర్‌లోని రాజా రామన్న సెంటర్ వాళ్లు సొంతంగా కట్టుకున్న లేజర్‌తో వాహనాల లీఫ్ స్ప్రింగ్ ఉక్కు మీద ఇదే పని చేశారు.

ఇక మన కూపన్ దగ్గరికి వద్దాం. 10 మి.మీ. మందం ఉన్న 7075-టీ651 రకం అల్యూమినియం పలక, దాని మీద 20 × 20 మి.మీ. పాచ్, అంటే మనం కొట్టే చోటు. మొదటిసారి చేసేవాళ్లకు దీనికంటే మంచిది లేదు. మెత్తనా కాదు, మరీ మొండీ కాదు.

ముందు కాగితం మీద

లేజర్ ఆన్ చేసే ముందు మూడు అంకెలు తేలాలి. షాట్ కూపన్ మీద పడే వృత్తం, అంటే స్పాట్, ఎంత, అక్కడ చదరపు సెంటీమీటరుకు ఎన్ని గిగావాట్లు, దాంతో ఎంత ఒత్తిడి.

స్పాట్ వ్యాసం 3 మి.మీ. అనుకుందాం. వైశాల్యం 0.0707 చదరపు సెం.మీ. 3 జౌళ్లను 10 నానోసెకన్లతో భాగిస్తే 0.3 గిగావాట్లు. దాన్ని వైశాల్యంతో భాగిస్తే చదరపు సెం.మీ.కు 4.2 గిగావాట్లు. ఫ్రాన్స్‌లో ఫాబ్రో బృందం 1990లో ఇచ్చిన సూత్రం ప్రకారం ఒత్తిడి ఈ అంకె వర్గమూలంతో పెరుగుతుంది. నీళ్లూ అల్యూమినియం జతకు ఆ వర్గమూలాన్ని గుణించే అంకె సుమారు 1 నుంచి 1.3 దాకా వస్తుంది. ప్లాస్మాలోని శక్తిలో ఎంత వంతు ఒత్తిడిగా మారుతుందనే ఆల్ఫా విలువను మీరు 0.1 అనుకున్నారా 0.2 అనుకున్నారా అన్నదాన్ని బట్టి ఆ తేడా. కాబట్టి మన ఒత్తిడి 2 నుంచి 2.7 గిగాపాస్కల్స్ మధ్య ఉంటుంది. ఈ సూత్రంతో మూడు దశాంశ స్థానాల దాకా లెక్కేసి థీసిస్‌లో రాసేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. అది అంచనా, అంతే.

ఇప్పుడు లోహం వైపు. షాక్ తగిలినప్పుడు లోహం పక్కలకు సులువుగా కదిలే వీలు లేకుండా బిగుసుకుని ఉంటుంది, కనుక మామూలు యీల్డ్ (లోహం శాశ్వతంగా రూపం మారడం మొదలయ్యే ఒత్తిడి) దగ్గర లొంగదు. లొంగే హద్దును హ్యూగోనియట్ ఎలాస్టిక్ లిమిట్ అంటారు, ల్యాబులో హెచ్.ఇ.ఎల్. అంటే చాలు. 7075 యీల్డ్ 500 మెగాపాస్కల్స్, పాయిసన్ నిష్పత్తి (ఒక వైపు లాగితే అడ్డంగా ఎంత సన్నబడుతుందో చెప్పేది) 0.33 పెట్టి లెక్కిస్తే అది దాదాపు 1 గిగాపాస్కల్. అంత వేగంగా కొట్టినప్పుడు యీల్డ్ కొంచెం పెరుగుతుంది కాబట్టి కాస్త పైన వేసుకోండి. ఒత్తిడి ఈ హద్దుకు రెండింతల నుంచి రెండున్నర రెట్ల మధ్య ఉంటే పని బాగా జరుగుతుంది. అంతకంటే తక్కువైతే లోతు రాదు. మరీ ఎక్కువైతే ఉపరితలం దగ్గర వచ్చిన నొక్కుడును అది వెనక్కి లాగేస్తుంది. మన 3 మి.మీ. స్పాట్ సరిగ్గా ఆ మధ్యలో కూర్చుంది.

స్పాట్ సైజు తప్పితే ఏమవుతుందో చూడండి. అదే 3 జౌళ్లతో స్పాట్ 5 మి.మీ. అయిందనుకోండి, చదరపు సెం.మీ.కు 1.5 గిగావాట్లే మిగులుతాయి, ఒత్తిడి హెచ్.ఇ.ఎల్.ను అంటీ అంటనట్టు దాటుతుంది. కూపన్ మీద గుంట కనబడదు, లోపలి నొక్కుడును ఎక్స్-రేతో కొలిచినా చెప్పుకోదగ్గదేమీ రాదు. 2 మి.మీ. అయితే 9.5 గిగావాట్లు. మా లేజర్ ఇచ్చే 1064 నానోమీటర్ల కాంతికి 8 నుంచి 10 గిగావాట్ల దగ్గర నీళ్లే తెగి ప్లాస్మా అయిపోతాయి. ఆ ప్లాస్మా నీటి పైభాగంలో తెల్లగా మెరిసి, వచ్చే కాంతిని మధ్యలోనే మింగేస్తుంది. శక్తి పెంచుతున్నా ఒత్తిడి పెరగదు. "అక్కా, పవర్ ఇంకొంచెం పెంచనా?" అని అడిగే ప్రతి ఒక్కరికీ నేను చెప్పే జవాబు ఇదే. నీళ్లు ఎక్కడ తెగుతాయో అక్కడితో మీ పవర్ ఆగిపోతుంది.

లెన్స్, స్పాట్

మా దగ్గర బీమ్ లెన్స్ మీద పడేటప్పుడు 12 మి.మీ. ఉంటుంది, లెన్స్ ఫోకల్ దూరం 500 మి.మీ. కూపన్‌ను లెన్స్ నుంచి 375 మి.మీ. దూరంలో పెడితే స్పాట్ 3 మి.మీ. వస్తుంది. ఫోకస్ కూపన్‌కు వెనకే పడాలి, ముందు పడకూడదు. ముందు పడితే గాలిలోనే మెరుపు పుడుతుంది, కూపన్‌కు చేరేది శేషమే. కూపన్ 10 మి.మీ. ముందుకో వెనక్కో జరిగితే స్పాట్ వ్యాసం 0.24 మి.మీ. మారుతుంది. అందుకే కూపన్ మార్చిన ప్రతిసారీ దూరం కొలవాలి. మందం వేరే ఉన్న కూపన్ పెట్టి పాత సెట్టింగుతోనే కొట్టేయడం ఇక్కడ అందరికంటే ఎక్కువగా జరిగే తప్పు.

స్పాట్ సైజు చూడటానికి బర్న్ పేపర్ (లేజర్ పడిన చోట కాలి మచ్చపడే కాగితం) వాడతాం. పూర్తి శక్తితో కొడితే పేపరే చిరిగి ఎగిరిపోతుంది. అలాగని లేజర్‌కు శక్తినిచ్చే ఫ్లాష్ లాంపుల వోల్టేజీ తగ్గించి కొలవకండి. లేజర్ కాంతి పుట్టే రాడ్ వేడి మారితే అది లెన్స్‌లా వంచే తీరు మారుతుంది, బీమ్ సైజు మారుతుంది, మీరు కొలిచింది వేరే బీమ్ అవుతుంది. దారిలో పూత లేని గాజు వెడ్జ్ (ఒక పక్కకు సన్నబడే పలక) పెట్టి, దాని మొదటి ముఖం నుంచి వెనక్కి వచ్చే 4 శాతం కాంతిని అదే దూరంలో పేపర్ మీద పడనివ్వండి. 3 జౌళ్లలో అది 120 మిల్లీజౌళ్లు, మచ్చకు సరిపోతుంది. పేపర్‌ను పల్చటి ప్లాస్టిక్ కవర్లో పెట్టండి, లేకపోతే మసి ఎగిరి లెన్స్ మీద కూర్చుంటుంది. మచ్చ మధ్యలో ఎక్కువ నలుపు, అంచున తక్కువ ఉంటే బీమ్ సమంగా లేదని అర్థం. అలాంటి బీమ్‌తో ఎంత కొట్టినా పాచ్ మీద పుట్టలు, గుంటలే మిగులుతాయి.

శక్తిని ఎప్పుడూ లెన్స్ తర్వాత, కూపన్ ఉండే చోటుకు దగ్గరగా, మీటరు తట్టుకునేంత వెడల్పు బీమ్ మీద కొలవండి. యంత్రం తెర మీద చూపించే అంకె లేజర్ మూతి దగ్గరిది. మధ్యలో ఉన్న అద్దాలు, లెన్సు, లెన్స్‌కు కాపలాగా పెట్టే గాజు పలక తలా కొంత తింటాయి. ఆ గాజు పలక మీద నీటి చుక్కలు ఎండితే ఇంకా తింటాయి.

కూపన్, టేపు

మా కూపన్లు హైదరాబాద్ బాలానగర్‌లో వైర్ కట్ (తీగ నుంచి వచ్చే కరెంటు నిప్పురవ్వలతో కోత) చేయిస్తాం. వైర్ కట్ చేసిన ముఖం మీద కరిగి గడ్డకట్టిన పలచటి పొర ఉంటుంది, అందులో లాగుడు ఒత్తిడి ముందే ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి పీనింగ్ చేస్తే ఫలితం ఎవరి ఖాతాలో రాయాలో తెలియదు. ఎమరీ పేపర్ల మీద వరసగా 1200 గ్రిట్ దాకా రుద్ది పోగొట్టండి. తర్వాత కొట్టని కూపన్ ఒకదాన్ని పక్కన పెట్టి, దాని రెసిడ్యువల్ స్ట్రెస్ (బయట లోడు లేకున్నా లోహంలో ఉండిపోయే ఒత్తిడి) కూడా కొలిపించండి. ఆ ఒక్క కూపన్ లేకపోతే మిగతా కొలతలన్నీ గాలిలో వేలాడతాయి.

టేపు విషయంలో నేను మొండిదాన్ని. ఎలక్ట్రీషియన్లు వాడే నల్ల వినైల్ టేపే మాకు చాలు, మందం 0.1 మి.మీ. పైచిలుకు. రాణిగంజ్‌లో చుట్టల లెక్కన తెచ్చుకుంటాం. కానీ ఎండలో మగ్గిన స్టాకు పనికిరాదు, జిగురు ఒక పక్కకు జారి ఉంటుంది. చుట్ట పక్క నుంచి చూస్తే పొరలు ఒకదాని మీద ఒకటి సమంగా కనబడాలి. కూపన్‌ను అసిటోన్‌తో తుడిచి, ఆరాక, టేపును ఒక అంచు నుంచి మొదలుపెట్టి బొటనవేలితో కాకుండా రబ్బరు రోలరుతో నెడుతూ అంటించండి. బొటనవేలు మధ్యలో నొక్కి పక్కల గాలి వదిలేస్తుంది. అంటించాక లైటు ఏటవాలుగా పట్టి చూడండి. బుడగ ఉన్న చోట టేపు మెరుపు తేడాగా ఉంటుంది. బుడగను సూదితో గుచ్చి సరిపెట్టకండి, పీకి కొత్తది వేయండి. గుచ్చిన రంధ్రంలోంచి నీళ్లు లోపలికి చేరితే ఆ షాట్‌లో టేపు చిరుగుతుంది, కాంతి నేరుగా లోహాన్ని తాకుతుంది. టేపు పీకాక అక్కడ గుండ్రంగా తెల్లబారిన, గరుకైన మచ్చ కనబడుతుంది. లోహం పైపొర కరిగి మళ్లీ గడ్డకట్టిన గుర్తు అది. ఆ పలచటి పొరలో నొక్కుడు ఉండదు, లాగుడు ఉంటుంది. మనం కోరుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకం.

టేపు అంచుల్ని పాచ్ కంటే కనీసం 10 మి.మీ. బయటికి ఉంచండి. నీళ్లు వచ్చే వైపు అంచును కూపన్ చివర మీదుగా మడిచి వెనక అంటిస్తే ప్రవాహం దాన్ని లేపలేదు.

టేపు లేకుండా చేసే పద్ధతి కూడా ఉంది. జపాన్‌లో తోషిబా ఇంజనీర్లు అణు రియాక్టర్ల లోపల, నీళ్లలోనే, వెల్డింగుల దగ్గర పగుళ్లు రాకుండా 1999 నుంచి అలాగే చేస్తున్నారు. అక్కడికి వెళ్లి టేపు అంటించేదెవరు? వాళ్లు 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి వాడతారు, అది లోతు నీళ్లలోంచి కూడా బాగా దూరుతుంది. స్పాట్ చిన్నది, శక్తి తక్కువ, షాట్లు మాత్రం చదరపు సెం.మీ.కు వేలల్లో. పైన కరిగిన పలచటి పొరను తర్వాతి దెబ్బల నొక్కుడు అణిచేస్తుంది. మన 3 జౌళ్ల షాట్లతో దాన్ని అనుకరించబోకండి.

నీళ్లు

పీనింగ్ బాగా వచ్చిందా లేదా అన్నది సగం ఇక్కడే తేలిపోతుంది. పొర మందం 1 నుంచి 2 మి.మీ. ఉండాలి, గాజులా కదలకుండా కనబడాలి. అల కనబడుతుంటే ఆ అల లెన్స్‌లా పనిచేసి కాంతిని ఒకచోట పోగేస్తుంది, పక్కచోట పలుచన చేస్తుంది. నాజిల్‌ను పై నుంచి కూపన్ మీదకు గురిపెట్టకండి, చిమ్ముతుంది. కూపన్‌ను నిలువుగా బిగించి, పాచ్‌కు రెండు మూడు సెం.మీ. పైన నాజిల్ మూతిని కూపన్ ముఖానికి దాదాపు ఆనించి కిందికి జారనివ్వండి. చదునైన మూతి ఉన్న నాజిల్ అయితే పొర వెడల్పుగా వస్తుంది. పంపు నుంచి వచ్చే నీళ్లలో కుదుపు ఉంటే మధ్యలో ఒక బకెట్ ఎత్తుమీద పెట్టి దాని నుంచి వదలండి. ఖరీదైన ఫ్లో రెగ్యులేటర్ కంటే ఎత్తు మీది బకెట్ ప్రశాంతంగా పనిచేస్తుంది.

బోరు నీళ్లు వద్దు. హైదరాబాద్ బోరు నీళ్లు నాజిల్‌కీ, లెన్స్ ముందు గాజుకీ పట్టించే తెల్ల చారలు గీకలేక చస్తాం. డీఅయనైజ్డ్ (లవణాలు తీసేసిన) నీళ్లు వాడండి, ఫిల్టర్ చేసి. వాడిన నీళ్లను మళ్లీ తిప్పే ఏర్పాటు ఉంటే, టేపు నుంచి రాలిన నల్లపొడి కోసం ఫిల్టరు ఉండి తీరాలి. కాంతి దారిలో తేలే పొడి రేణువు దగ్గర నీళ్లు త్వరగా తెగుతాయి.

ప్రతి షాట్ నీటి పొరను చెదరగొడుతుంది. అది మళ్లీ సమంగా పరుచుకునే దాకా ఆగాలి. అందుకే మేము సెకనుకు ఒక షాటే కొడతాం. లేజర్ పది పల్సులకు కట్టినది కదా, దాన్ని ఒకటికి తగ్గించడం ఎలా అంటారేమో. ఫ్లాష్ లాంపులు పది హెర్ట్జ్‌లోనే వెలగనివ్వండి, పల్సును బయటికి వదిలే క్యూ-స్విచ్‌ను మాత్రం పదింటికి ఒకసారి తెరవండి. చాలా యంత్రాల్లో ఈ విభజన సెట్టింగు ఉంటుంది. లాంపులు తగ్గిస్తే రాడ్ చల్లబడి, ఇందాక చెప్పినట్టు బీమ్ మారుతుంది. అదే కారణంతో ఉదయం ఆన్ చేశాక అరగంట ఆగకుండా కూపన్ మీదకు వెళ్లొద్దు.

షాట్ చప్పుడు వినడం నేర్చుకోండి. నీళ్లు సరిగ్గా ఉన్నప్పుడు వచ్చేది పొడిగా, గట్టిగా "టప్" అనే శబ్దం. నీళ్లు తప్పుకున్నప్పుడు మెత్తబడుతుంది. నీళ్లే తెగినప్పుడు మెరుపు ఎక్కువ, దెబ్బ తక్కువ. ఇయర్ మఫ్స్ పెట్టుకున్నా తేడా తెలుస్తుంది. పెట్టుకునే వినండి, ఉత్త చెవులతో వద్దు.

కళ్లు, కరెంటు

1064 నానోమీటర్ల కాంతి కంటికి కనబడదు, కానీ కంటి కటకం దాన్ని రెటీనా మీద చక్కగా ఫోకస్ చేస్తుంది. కనబడకపోవడం వల్ల రెప్ప వేయాలని కూడా అనిపించదు. కళ్లద్దాల మీద 1064 అని, ఓడీ (కాంతిని ఎంత ఆపుతాయో చెప్పే అంకె) 7 లేదా అంతకంటే ఎక్కువ అని రాసి ఉందో లేదో చదివి పెట్టుకోండి. ఆకుపచ్చ లేజర్‌కు ఇచ్చిన కళ్లద్దాలు ఇక్కడ పనికిరావు, రంగు ముదురుగా ఉన్నంత మాత్రాన రక్షణ కాదు. కూపన్ మీద పారే నీళ్లు కూడా అద్దమే. అందుకే షాట్లు పెట్టె మూసే కొట్టాలి. తలుపు తెరిస్తే లేజర్‌ను ఆపే ఇంటర్‌లాక్‌ను టేపు వేసి మోసం చేసే అలవాటు ఏ ల్యాబులో కనబడినా అక్కడి నుంచి బయటికి రండి. వాచీ, ఉంగరాలు తీసేయండి.

కంటి సంగతి అందరూ చెబుతారు, లాంపుల పవర్ సప్లై సంగతి తక్కువ మంది చెబుతారు. కెపాసిటర్లలో స్విచ్ ఆపాక కూడా ప్రాణం తీసేంత చార్జ్ ఉండొచ్చు. పక్కనే నీళ్లు పారుతున్న పని ఇది. పవర్ సప్లై కవర్ విద్యార్థులు తెరవకూడదు, అంతే, చర్చ లేదు. కాలే వినైల్ టేపు పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, ఎగ్జాస్ట్ ఫ్యాన్ షాట్లకు ముందే తిరగాలి. పని అయ్యాక కూపన్‌ను శుభ్రమైన నీళ్లతో కడిగి ఆరబెట్టండి. అల్యూమినియానికి క్లోరైడ్ పడదు.

కొట్టడం

స్పాట్లు సగానికి సగం ఒకదాని మీద ఒకటి ఎక్కాలి, అంటే కేంద్రాల మధ్య దూరం 1.5 మి.మీ. అలా అయితే పాచ్‌లోని ప్రతి చోటుకూ సగటున మూడు దెబ్బలు పడతాయి. కానీ వరసగా 1.5 మి.మీ. జరుపుతూ కొడితే రెండో షాట్ మొదటి షాట్ చింపిన టేపు మీద పడుతుంది. కాబట్టి పాచ్ మొత్తాన్ని 3 మి.మీ. ఎడంతో, ఏడు వరసలు, వరసకు ఏడు షాట్లుగా ఒకసారి కొట్టండి. టేపు మార్చండి. కుడికి 1.5 మి.మీ. జరిపి మళ్లీ కొట్టండి. టేపు మార్చండి. మొదటి చోటు నుంచి కిందికి జరిపి ఒకసారి, కుడికీ కిందికీ జరిపి ఇంకోసారి, మధ్యలో టేపు మారుస్తూ. నాలుగు టేపులు, 196 షాట్లు. ఒక్కో విడత షాట్లకు నిమిషం కూడా పట్టదు, సమయమంతా టేపు మార్చడంలోనే పోతుంది. ఆ విసుగులో నాలుగో టేపును హడావిడిగా అంటిస్తారు, పైన చెప్పిన తెల్ల మచ్చలు ఎక్కువగా పడేది ఆ విడతలోనే.

మొదటి విడత అయ్యాక టేపు పీకే ముందు దాన్ని చూడండి. చిరిగిన గుండ్రాలు 3 మి.మీ. కంటే పెద్దగా లేచి ఒకదాన్నొకటి తాకుతుంటే, ఒకటి వదిలి ఒకటి కొట్టే పద్ధతికి మారండి. పీకిన టేపు పారేయకుండా తెల్ల కాగితం మీద అంటించి, విడత నంబరు, దిశ రాసి లాగ్‌బుక్‌లో పెట్టండి. ఆరు నెలల తర్వాత ఫలానా మూలలో స్ట్రెస్ ఎందుకు తగ్గిందని గైడ్ అడిగితే జవాబు ఆ టేపులోనే ఉంటుంది.

లాగ్‌బుక్‌లో సెట్టింగులు రాయడానికి ఈ రంగంలో ఒక పొట్టి పద్ధతి ఉంది. 10-18-3 అంటే చదరపు సెం.మీ.కు 10 గిగావాట్లు, 18 నానోసెకన్లు, 3 పొరలు (ఒకే చోటు మీద మూడుసార్లు కొట్టడం). చతురస్రపు స్పాట్లు వాడేవాళ్లకు అది సరిపోతుంది. మనవి గుండ్రటివి కాబట్టి స్పాట్ వ్యాసం, ఎడం కూడా పక్కన రాయాలి.

10 మి.మీ. మందానికి వెనక వైపు సంగతి పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. రెండు మి.మీ. పలకలైతే మాత్రం కథ వేరు. షాక్ తరంగం వెనక ముఖాన్ని తాకి లాగుడు తరంగంగా తిరిగి వస్తుంది, పలక లోపల పొర విడిపోవచ్చు. వెనక అదే లోహం దిమ్మె ఒకటి, మధ్యలో గాలి లేకుండా పలచటి జెల్ పూసి బిగిస్తే తరంగం దిమ్మెలోకి వెళ్లిపోతుంది. ఆ ఎఫ్101 బ్లేడ్ల పలచటి అంచులను రెండు వైపుల నుంచీ ఒకేసారి కొట్టింది కూడా ఇలాంటి చిక్కుల వల్లే. ఒక వైపే కొడితే పలచటి ముక్క వంగుతుంది కూడా. బోయింగ్ 747-8 రెక్కల పలకలను కావలసిన ఒంపుకు తేవడానికి ఆ వంగడాన్నే వాడుకున్నారు. మీకు వంపు అక్కర్లేకపోతే రెండు వైపులూ మార్చి మార్చి కొట్టాలి.

కొలతలు

టేపు జిగురు తుడిచాక పాచ్ మీద వేలు పెడితే సన్నటి అలలు తగులుతాయి, లోతు మైక్రాన్లలో, ఎక్కువైతే కొన్ని పదుల్లో. అది చూసి సంబరపడకండి. గుంట పడిందంటే లోహం కదిలిందని మాత్రమే తెలుస్తుంది.

ఎక్స్-రే పద్ధతిలో అల్యూమినియానికి క్రోమియం ట్యూబుతో 139 డిగ్రీల దగ్గర వచ్చే 311 పీక్ చూస్తారు, అది ఎంత జరిగిందో బట్టి స్ట్రెస్ తెలుస్తుంది. ఆ కిరణాలు పై నుంచి కొద్ది మైక్రాన్ల లోతే చూడగలవు. మనం ఖర్చుపెట్టింది ఒక మి.మీ. లోతు కోసం కదా, అందుకని ఎలక్ట్రోపాలిషింగ్‌తో (ద్రావణంలో కరెంటు పెట్టి లోహాన్ని కరిగించడం) కొంచెం కొంచెం తొలిచి, తొలిచిన ప్రతిసారీ కొలవాలి. గ్రైండర్‌తో తొలిస్తే గ్రైండింగే కొత్త స్ట్రెస్ పెడుతుంది. సమయం లేకపోతే లోహం సాగుడును కొలిచే స్ట్రెయిన్ గేజ్ అంటించి చిన్న రంధ్రం దశలవారీగా తొలిచే పద్ధతి ఉంది. పాచ్ మధ్యలో ఒకచోట, అంచు లోపల ఒకచోట, అంచు దాటి బయట ఒకచోట కొలిపించండి. బయటి కొలత ఎందుకని ల్యాబు వాళ్లు అడుగుతారు, కొలవమనే చెప్పండి. ఒక చోట నొక్కుడు పెట్టామంటే ఇంకెక్కడో లాగుడు పుట్టే తీరాలి, ఒకే ముక్కలో లెక్క సరిపోవాలి కాబట్టి. పాచ్ అంచుకు వెంటనే బయట, పాచ్ కింద లోతున అది దాక్కుంటుంది.

పీనింగ్ అయ్యాక కూపన్‌ను వేడి చేయకండి. 7075ను బలపరిచే ఏజింగే (వేడిలో ఉంచి గట్టిపరచడం) 120 డిగ్రీల దగ్గర జరుగుతుంది, ఆ పైన వేడి తగిలితే పెట్టిన స్ట్రెస్ సడలడం మొదలవుతుంది. ఓవెన్లో ఆరబెట్టే పెయింట్ వేయాలని ఎవరైనా అంటే ముందే వేయమనండి, లేదా గాలికి ఆరేది వాడమనండి. పై అలలు ఇబ్బందైతే కొద్దిగా పాలిష్ చేసుకోవచ్చు, లోతు ఉంది కనుక పోయేది తక్కువ.

ఫెటీగ్ టెస్టుకు (మళ్లీ మళ్లీ లోడు వేసి విరిచే పరీక్ష) పంపేటప్పుడు పాచ్ అంచు ఎక్కడుందో స్కెచ్ గీసి ఇవ్వండి, విరిగాక రెండు ముక్కలూ తిరిగి ఇవ్వమని రాసి మరీ పంపండి. ఎన్నిసార్లు లోడు వేస్తే విరిగిందనే అంకె ఒక్కటే తీసుకుని ముక్కల్ని అక్కడే వదిలేసేవాళ్లు చాలామంది. పగులు మొదలైన చోటును మైక్రోస్కోపు కింద చూడండి. పాచ్ అంచు నుంచి మొదలైతే పాచ్‌ను పెంచి ఆ అంచును లోడు తక్కువ ఉన్న చోటుకు జరపాలి. పాచ్ కింద లోపలి నుంచి మొదలైతే నొక్కుడు తన పని తాను చేసింది, కానీ ఆ మందానికి దెబ్బలు ఎక్కువయ్యాయేమో చూసుకుని పొరలు తగ్గించి ఇంకో కూపన్ కొట్టండి. ఉపరితలం మీద తెల్ల మచ్చ నుంచి మొదలైతే లాగ్‌బుక్ తీసి ఆ విడత టేపును వెతకండి.